జేజి నడుము, నా నైట్రోజన్

కనిగిరి పిల్ల సముద్రంలో 160 అడుగుల లోతుకి దిగుతుందంటే మా చుట్టాల్లో ఎవరూ నమ్మలేదు. వాళ్లను అనడానికేమీ లేదు. మా వైపు నీళ్లంటే ఇరవై లీటర్ల క్యాను. చెరువు నిండిన ఏడాది పండగే. వెలిగొండ నీళ్లు వస్తన్నాయి, వస్తన్నాయి అని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూనే ఉన్నా. నేను ఈత నేర్చుకుంది అమ్మమ్మ వాళ్ల పొలంలోని దిగుడుబావిలో, ఖాళీ నూనె డబ్బా నడుముకి కట్టుకుని. ఆ బావి కూడా తర్వాత ఎండిపోయింది.

ఇప్పుడుండేది అట్లాంటాలో. చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. కుదిరిన వీకెండ్‌లో అయిదు గంటలు కారు నడిపి ఫ్లోరిడాలోని పెన్సకోలాకి పోతా. అక్కడ ఒడ్డు నుంచి ఇరవై మైళ్లకు పైగా బోటులో వెళితే, సముద్రం అడుగున ఒక విమానవాహక నౌక నిటారుగా కూర్చుని ఉంటుంది. పేరు యూఎస్‌ఎస్ ఒరిస్కనీ.

ఈ సంగతి అమ్మకి చాలా రోజులు దాచి, ఒకరోజు వీడియో కాల్‌లో చెప్పేశా. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది: "మీ జేజి నీళ్లు తాగి వంగిపోయింది. నువ్వు నీళ్లలో దిగి వంగిపోతావా ఏందే?"

అమ్మకి డైవింగ్ గురించి ఏమీ తెలియదు. డైవర్లకి వచ్చే జబ్బుని ఇంగ్లిష్‌లో 'బెండ్స్' అంటారనీ, అంటే వంగిపోవడమేననీ అసలే తెలియదు. అయినా సరిగ్గా అక్కడే పట్టుకుంది.

ముందు ఓడ గురించి చెప్తా. ఒరిస్కనీ 1950లో అమెరికా నేవీలో చేరింది. కొరియా యుద్ధం, వియత్నాం యుద్ధం రెండూ చూసింది. 1966లో ఓడలో మంటలు లేచి 44 మంది చనిపోయారు. తర్వాత అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన జాన్ మెకెయిన్, 1967లో హనోయి మీద శత్రువుల చేతికి చిక్కిన రోజు విమానం ఎక్కింది ఈ డెక్ మీద నుంచే. అంత చరిత్ర ఉన్న ఓడని 2006 మే 17న పేలుడు పదార్థాలు పెట్టి కావాలనే ముంచేశారు. దాదాపు 900 అడుగుల ఓడ 37 నిమిషాల్లో మునిగిపోయింది.

ఎందుకంటే చేపల కోసం. అక్కడ సముద్రం అడుగంతా ఉత్త ఇసుక. నాచు, స్పాంజ్‌లు, పగడాలు అతుక్కోవాలంటే గట్టి ఆధారం కావాలి. అవి వస్తే చిన్న చేపలు, వాటి వెనక పెద్ద చేపలు, వాటి వెనక మాలాంటి మనుషులు. మన దేశ తీరంలో కూడా ఇదే లెక్కతో సీఎంఎఫ్‌ఆర్‌ఐ సైంటిస్టులు సిమెంటు దిమ్మెలు సముద్రంలో వేయిస్తున్నారు. వాటిలో ఒక రకం అచ్చం బావి ఒరల్లాగే ఉంటుంది. ఒరలు దింపినా నీళ్లు పడని ఊరి నుంచి వచ్చినదాన్ని కదా, ఆ ఫొటో మొదటిసారి చూసినప్పుడు కొంచెం కుళ్లుకున్నా.

ఒరిస్కనీ టవర్ పైభాగం 80 చిల్లర అడుగుల్లోనే తగులుతుంది. మామూలు స్కూబా వాళ్లు అక్కడ చుట్టేసి వచ్చేస్తారు. వాళ్లకి గీత 130 అడుగులు. విమానాలు దిగే డెక్ మొదట 135 అడుగుల దగ్గర ఉండేది. 2008లో గుస్తావ్ తుపాను తర్వాత ఓడ మొత్తం ఇంకో పదడుగులు కిందికి కూరుకుపోయి, డెక్ 145కి చేరింది. కాబట్టి ఆ డెక్ మీద చేయి పెట్టాలంటే గీత దాటాల్సిందే. దాన్నే టెక్నికల్ డైవింగ్ అంటారు. పేరు గొప్పగా ఉంది గానీ అసలు తేడా ఒకటే. ఏదైనా తేడా కొడితే నేరుగా పైకి పోవడానికి లేదు. నెత్తిమీద కనపడని పైకప్పు ఉన్నట్టే.

ఆ పైకప్పు నైట్రోజన్‌ది. సముద్రంలో ప్రతి 33 అడుగులకీ ఒక వాతావరణం బరువు మీద పడుతుంది. 160 అడుగుల దగ్గర పీడనం ఒడ్డు మీదకన్నా దాదాపు ఆరు రెట్లు. అంత ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో, కీళ్లలో కరిగిపోతుంది. నొప్పి ఉండదు, ఏమీ తెలియదు. గబుక్కున పైకి వస్తే గోలీసోడా కొట్టినట్టే: లోపల కరిగి ఉన్నదంతా బుడగలు బుడగలుగా లేస్తుంది, కాకపోతే సీసాలో కాదు, ఒంట్లో.

ఈ జబ్బు మొదట బాగా బయటపడింది డైవర్లలో కాదు, వంతెనలు కట్టే కూలీల్లో. న్యూయార్క్ బ్రూక్లిన్ వంతెన పునాదుల కోసం నది అడుగున గాలి ఎక్కించిన పెట్టెల్లో దిగి తవ్వేవాళ్లు. సాయంత్రం బయటికి వచ్చాక కీళ్లు పట్టేసి మెలికలు తిరిగిపోయేవాళ్లు. చీఫ్ ఇంజినీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో దానికి దొరికిపోయి మంచం పట్టాడు. ఆయన భార్య ఎమిలీ రోజూ సైటుకి వెళ్లి ఆయన మాటలు ఇంజినీర్లకి చేరవేసి ఆ వంతెన పూర్తి చేయించింది.

దీనికి మందు కనిపెట్టింది జాన్ స్కాట్ హాల్డేన్. మేకల మీద ప్రయోగాలు చేసి 1908లో తేల్చింది ఏంటంటే, ఒకేసారి పైకి రావొద్దు, మెట్టుమెట్టుకీ ఆగుతూ రండి అని. మేక కాలు ఎత్తి పట్టుకుంటే నొప్పి అని గుర్తు. మేకల్ని చూస్తూ పెరిగినదాన్ని, ఈ ముక్క నాకు వెంటనే ఎక్కింది. ఇంకో విషయం. ఆయన కొడుకు జేబీఎస్ హాల్డేన్ కూడా డైవర్ల శరీరం మీద పరిశోధన చేసినవాడే, అదీ చాలావరకు సొంత ఒంటిమీదే. చివరికి మన దేశానికి వచ్చి స్థిరపడి 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన శరీరాన్ని వైద్య విద్యార్థుల కోసం రాసిచ్చింది మన కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకే.

ఇక జేజి సంగతి. మా జేజి తల తిప్పి చూడగా నేనెప్పుడూ చూడలేదు. పిలిస్తే ఒళ్లు మొత్తం తిప్పేది. నడుము లంబకోణంలో వంగిపోయి ఉండేది. ఆకాశం చూడాలంటే నులకమంచం మీద వెల్లకిలా పడుకోబెట్టాలి, అదీ కుదిరేది కాదు. ఊళ్లో దాన్ని ఎవరూ జబ్బు అనలేదు. 'ఫ్లోరిన్ నీళ్లమ్మా' అనేవాళ్లు, 'ఎండాకాలంమ్మా' అన్నంత మామూలుగా. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా చుట్టుపక్కల చాలా బోర్లు ఆ గీతని ఎప్పుడో దాటేశాయి. మన దేశంలో మనుషుల ఎముకల్ని ఫ్లోరైడ్ ఇలా బిగించేస్తుందని డాక్టర్లు మొదట రాసింది 1937లో, అదీ మా వైపు గురించే. అప్పటికి మాది మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. అంటే ఆ జిల్లాకన్నా మా జబ్బు పెద్దది.

ఫ్లోరైడ్ కూడా నైట్రోజన్ లాంటిదే. రంగు లేదు, వాసన లేదు. నొప్పి తెలిసేసరికి లోపల ఎంత ఉండాలో అంతా ఉంటుంది. నైట్రోజన్‌కి హాల్డేన్ మెట్లు ఉన్నాయి, ఆగితే పోతుంది. ఫ్లోరైడ్‌కి ఆ మెట్లు లేవు. జేజి ఆర్వో ప్లాంటు నీళ్లకి మారేసరికి అరవై దాటింది. ఎముకకి పట్టింది ఇట్టే వదలదు, బిగిసిన మెడ మళ్లీ తిరగదు. ఆమె 2019లో పోయింది.

నేను దిగేముందు చేసే పని ఒకటి మా నాన్నకి బాగా నచ్చింది. ప్రతి సిలిండర్‌లో ఏ వాయువు ఎంత ఉందో మీటరు పెట్టి కొలిచి, టేపు మీద రాసి అంటిస్తాం. అడుగున పీల్చేదాంట్లో ఆక్సిజన్ 21, హీలియం 35, మిగతాది నైట్రోజన్. హీలియం ఎందుకంటే, లోతులో నైట్రోజన్ ఎక్కువైతే తాగినట్టు మత్తెక్కుతుంది. పైకి వచ్చేటప్పుడు వాడే సిలిండర్‌లో సగం ఆక్సిజన్. దాన్ని 70 అడుగుల పైన మాత్రమే నోట్లో పెట్టుకోవాలి. పొరపాటున 160 దగ్గర పీలిస్తే ఫిట్స్ వచ్చి మునిగిపోవచ్చు. నాన్న ఇదంతా విని, "లాంతరు దించినట్టన్నమాట" అన్నాడు. పాతబావిలో పూడిక తీయడానికి మనిషిని దింపేముందు మావాళ్లు తాడుకి లాంతరు కట్టి దించేవాళ్లు. దీపం ఆరితే ఎవరూ దిగరు. లాంతరు అన్ని విషవాయువుల్నీ పట్టదు, ఇంజన్ పొగని అసలే పట్టదు. అయినా నాన్నది సరైన పోలికే.

పోయిన వేసవిలో దిగిన ఒక డైవ్ చెప్తా. నా జోడీ పెన్సకోలాలో ఎలక్ట్రీషియన్, నాకంటే పదేళ్లు పెద్ద. అడుగున 25 నిమిషాలు, పైకి రావడానికి అరగంటకి పైనే అని ప్లాన్. టవర్ పక్కనుంచి కిందికి జారుతుంటే నీలం చిక్కబడి, డెక్ ఒక్కసారిగా కనపడింది, ఇటు చివర అటు చివర తెలియనంత మైదానం. రెడ్ స్నాపర్లు గుంపులు గుంపులుగా. బారకుడాలు కదలకుండా వేలాడుతూ. డెక్ అంచు దాటి 160 దాకా దిగాం. ఒక తలుపు సందులోంచి లోపలి చీకటి కనపడింది. లోపలికి పోకూడదని పైనే అనుకున్నాం, పోలేదు.

వచ్చేటప్పుడు 70 అడుగుల దగ్గర గ్యాస్ మారుస్తున్నాం. నేను మార్చుకున్నా. అతను మార్చగానే రెగ్యులేటర్ బుస్సుమని వదలకుండా కారడం మొదలుపెట్టింది. వాల్వు కట్టేశాడు. మళ్లీ తెరిచాడు, మళ్లీ అదే. ఇద్దరి మధ్యా ఇక ఒకటే మంచి సిలిండర్, నాది. దీనికి కూడా లెక్క పైనే వేసి ఉంది: ఒకరిది పోతే రెండోది ఇద్దరికీ చాలాలి. కాసేపు నేను, కాసేపు అతను. సరిపడా ఉందని కాగితం మీద తెలుసు. 40 అడుగుల దగ్గర బోటు అడుగుభాగం స్పష్టంగా కనపడుతోంది. ఎండ కనపడుతోంది. కాళ్లు రెండుసార్లు ఆడిస్తే అక్కడే ఉంటాం. కంప్యూటర్ ఇంకా 18 నిమిషాలు అంటోంది. అందులో ఎక్కువ భాగం ఆఖరి మెట్టు దగ్గర, 20 అడుగుల్లో. తాడు పట్టుకుని జెండాలాగా ఊగుతూ అతని కళ్లలోకి చూస్తూ ఉన్నా. చేయడానికి ఏమీ ఉండదు అప్పుడు. నాకు జేజి మెడ గుర్తొచ్చింది. ఒంట్లో ఉన్నది పోవడానికి నాకు 18 నిమిషాలు చాలు.

ఇద్దరం బాగానే ఎక్కాం. పడవ మీద అతను నాలుగు అరటిపళ్లు తిన్నాడు.

ఓడ గురించి ఒకటి మిగిలింది. ముంచేముందు దాన్ని బాగా శుభ్రం చేశారు, నూనెలు తీసేశారు. కానీ లోపలి కరెంటు తీగల తొడుగుల్లో పీసీబీలు అనే విషరసాయనాలు వందల పౌండ్లు ఉండిపోయాయి. రిస్కు లెక్కలు వేసి అమెరికా పర్యావరణ సంస్థ 2006లో అనుమతి ఇచ్చింది. తర్వాతి ఏళ్లలో అక్కడి చేపల్ని పరీక్షిస్తే వాటిలో పీసీబీలు కనపడ్డాయి, పోనుపోను తగ్గుతూ వచ్చాయి. నాకు ఆ ఓడంటే ప్రేమే. అయినా బోటు వాళ్లు స్నాపర్ వేపి పెడితే ఎక్కడ పట్టారని అడుగుతా. వాళ్లు నవ్వుతారు. రిటైరైన మన ఐఎన్‌ఎస్ గుల్దార్‌ని మహారాష్ట్రలోని సింధుదుర్గ్ దగ్గర ముంచి డైవింగ్ స్పాట్ చేసే ప్రాజెక్టు వార్త చదివినప్పుడు కూడా, టికెట్ ఎంత అని మా ఫ్రెండ్స్ గ్రూపులో అందరూ అడిగితే, తీగలు తీశారా అని నేనడిగా. గ్రూపులో నా పేరు ఇప్పుడు 'ఫ్లోరిన్ అక్క'.

పెళ్లి సంబంధాల వాళ్లకి మాత్రం డైవింగ్ సంగతి చెప్పొద్దని అమ్మ ఆర్డరు. నేను ఆమెని వేరేది అడుగుతున్నా. ఈ మధ్య పొద్దున్నే లేవగానే నడుం పట్టేస్తందంట, వంగి కళ్లాపి చల్లలేకపోతందంట. "వయసమ్మా, యాభై అయిదు రాలా?" అంటుంది. పెళ్లయి మా ఊరు వచ్చిన దగ్గర్నుంచి జేజి తాగిన బోరు నీళ్లే తాగింది, పన్నెండేళ్లు. ఒంగోలు తీసుకెళ్లి వెన్నెముక ఎక్స్‌రే తీయించమని నాన్నకి చెప్పా. శుక్రవారం వెళ్తున్నారు. ఫిల్మ్‌ని కిటికీకి ఆనించి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమన్నా.