అట్టమీది పేరు

పిల్లలకు పుస్తకము వ్రాయుట సులభమనియు, దానిని అచ్చువేయించుట కష్టమనియు మేము తలచియుంటిమి. అచ్చయిన పిమ్మట, ఈ రెండింటికంటెను కష్టమైన పని మూడవది యొకటి కలదని తెలిసినది. అది పుస్తకమును పిల్లవాని చేతిలో పెట్టుట. ఆ పనిలో మాకు కలిగిన సంతోషమును, దానితోపాటు కలిగిన సిగ్గును చదువరులకు విన్నవించుకొనుచున్నాము.

మా మనుమరాలు బెంగుళూరిలో పెరుగుచున్నది. తెలుగు చక్కగా మాటలాడును గాని చదువుట రాదు. సెలవులకు రాజమహేంద్రవరము వచ్చినప్పుడు సంతకు పోయిన మేకపిల్ల కథయొకటి చెప్పితిమి. మరునాడు ఆ పిల్ల, "తాతయ్యా, ఈ కథకు పుస్తకం లేదా?" అని యడిగినది. లేదంటిమి. "మరి ఊరెళ్ళాక నాకెవరు చెప్తారు?" అన్నది. ఆ ప్రశ్నకు జవాబుగా పుస్తకము మొదలుపెట్టితిమి.

ఇద్దరు ప్రకాశకులకు కథను పంపితిమి. ఒకరు బదులు వ్రాయలేదు. రెండవవారు, రంగుల బొమ్మలకు ఖర్చెక్కువ, తెలుగులో కొనువారు తక్కువ యని మర్యాదగా చెప్పిరి. అప్పుడు మాకు బీట్రిక్స్ పాటర్ అను ఇంగ్లీషు వనిత జ్ఞప్తికి వచ్చినది. ఆమె 1893వ సంవత్సరమున, తనకు పూర్వము చదువు చెప్పినామె కుమారుడు జబ్బుపడియుండగా, వానికి బొమ్మలతో ఒక కుందేలు కథను ఉత్తరముగా వ్రాసినది. దానిని పుస్తకము చేయవచ్చునని ప్రోత్సహించినది ఆ పిల్లవాని తల్లియే. ప్రకాశకులు పలువురు కాదన్నప్పుడు ఆమె 1901 డిసెంబరులో తన సొమ్ముతో 250 ప్రతులు అచ్చువేయించినది. రెండు నెలలకే మరి 200 వేయవలసివచ్చినది. 1902 అక్టోబరులో ఒక ప్రకాశకుడు రంగుల బొమ్మలతో దానిని వెలువరించెను. లోకమెరిగిన పీటర్ రాబిట్ కథ యిదియే. ఇందులో మాకు నచ్చిన విషయ మొకటి కలదు. ఆమె పుస్తకము వ్రాయబూనినప్పుడు ఆ పాత ఉత్తరమును తిరిగి అడిగి తెచ్చుకొనినది. పిల్లవాడు దానిని అన్నేండ్లు దాచియుంచినాడు గనుకనే అది దొరకినది. పుస్తకమునకు మొదటి సహాయము చదివినవాడే చేసెను.

మాకును సహాయులు దొరకిరి. వెనుకటి కాలమున చందాదారులను చేర్చుకొని గ్రంథములు అచ్చువేసెడివారు. మేమును ఆ మార్గమునే పట్టితిమి. వెల 80 రూపాయలుగా నిర్ణయించి, 60 మంది మిత్రులవద్ద రెండేసి ప్రతులకు సొమ్ము ముందుగా తీసికొంటిమి. 9,600 రూపాయలు చేరినవి. 32 పుటలు, 500 ప్రతులు, అచ్చుకు 27,000 రూపాయలు. మిగిలిన 17,400 మా పింఛనులోనిది. పుస్తకమునకు వేయు ఐ.ఎస్.బి.ఎన్. అను 13 అంకెల సంఖ్యను రాజా రామమోహన్ రాయ్ పేరిట నడచు జాతీయ సంస్థ రుసుము లేకయే యిచ్చినది.

అచ్చుతప్పులు దిద్దుటకు ఉద్యోగవిరమణ చేసిన తెలుగు మాస్టారొకరు పూనుకొనిరి. కంటిలో శుక్లము ముదిరియున్నను భూతద్దముతో మూడుసార్లు ప్రూఫులు చూచిరి. వారు దిద్ది యిచ్చిన పిమ్మట మేము తెలివికిపోయి 14వ పుటలో ఒక వాక్యమును మార్చితిమి. ఆ మార్పులో "మేక" కాస్త "మేకు" అయినది! ఇప్పటికిని పిల్లలు ఆ పుటకు రాగానే, "మేకు గడ్డి తిన్నదా?" అని నవ్వుదురు. ఆ తప్పు మాస్టారిది కాదు, మాదే.

ఇక బొమ్మలు. మా పొరుగింటివారి కోడలు ముగ్గులు వేయుటలో నేర్పరి. పెండ్లికి పూర్వము చిత్రలేఖనమును నేర్చుకొనినది. వంట, వడ్డన, పిల్లల చదువు ముగిసిన తరువాత రాత్రి పదిగంటలకు కూర్చుండి, మూడు నెలలు బొమ్మలు వేసినది. "ఈ గీతలవల్ల ఇంటికేమి వచ్చును?" అని అత్తగారు విసుగుకొనుచునేయుండిరి. మేము ఆమెకు ఒక్క రూపాయియు నీయలేదు. "మన యింటి పిల్లయే గదా" యనుకొంటిమి. అట్టమీద మా పేరు పెద్ద యక్షరములలో వేయించుకొని, ఆమె పేరు వెనుక అట్ట లోపల, అచ్చుకూటము చిరునామాకు క్రింద చిన్న యక్షరములలో వేయించితిమి. ఆమె చూచినది గాని ఏమియు ననలేదు.

పుస్తకములు వచ్చినవి. దుకాణమువారు నూటికి 40 వంతులు తరుగు అడిగిరి. అట్లయిన ప్రతికి మాకు వచ్చునది 48 రూపాయలు, అయిన ఖర్చు 54. అమ్మినకొలది నష్టమే. కావున సంచి భుజమున వేసికొని బడులకు పోయితిమి.

ఒక మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో కథ చదివి వినిపించుచుండగా మూడవ తరగతి పిల్ల యొకతె లేచి, "బొమ్మలు కూడా మీరే వేశారాండీ?" అని యడిగినది. కాదంటిమి. ఆ పిల్ల అట్టను ముందువెనుకల త్రిప్పి చూచి, "మరి వేసినావిడ పేరేదండీ?" అన్నది. వెనుక అట్ట తెరచి వ్రేలితో చూపితిమి. అంత చిన్న యక్షరములను ఆ పిల్ల కూడబలుకుకొని చదువుచున్నంతసేపును మేము తల యెత్తలేకపోయితిమి.

స్త్రీలు చదువవలెనని, వారి శ్రమకు గౌరవము కావలెనని ఉపన్యసించినవారమే మేము. మా పుస్తకముతోనే మేము చేసినదేమి? అన్నము వండినవారిని వంటింటిలోనే యుంచి, విస్తరి ముందు కూర్చుండి మెప్పు పొందుటకును దీనికిని భేదమేమి?

ఆ సాయంకాలమే ఆమె పేరు అచ్చువేసిన చీటీలు తెప్పించి, మిగిలిన 310 ప్రతుల అట్టలమీద మా పేరుతో సమానముగా అంటించితిమి. వీధిలోని పిల్లలందరును జిగురు పూయుటకు వచ్చిరి. రెండు సాయంకాలములు పట్టినది. 5,000 రూపాయలు కవరులో పెట్టి ఆమెకిచ్చితిమి. "ఎందుకు బాబాయిగారూ?" అని ఆమె వెనుదీసినది. "ఇది బహుమానము కాదమ్మా, బాకీ" అంటిమి.

తరువాతి బడికి ఆమెను వెంటబెట్టుకొని పోయితిమి. నల్లబల్లమీద ఆమె నాలుగు గీతలతో మేకపిల్లను నిలువబెట్టగానే, మా చదువునకు నిలువని యల్లరి నిలిచినది. ఆనాడు 22 ప్రతులు అమ్ముడుపోయినవి. అంతకుముందు ఏ బడిలోను పది దాటలేదు.

ఇంకను నూరు ప్రతులు మా మంచము క్రింద నున్నవి. పెట్టుబడి పూర్తిగా తిరిగి రాలేదు, వచ్చునని నమ్మకమును లేదు. అయినను చదువరులకు ఒక మనవి. పిల్లలకై పుస్తకము వేయించువారు కాగితము ఖర్చు, అచ్చు ఖర్చు లెక్కవేయునప్పుడే బొమ్మల ఖర్చునుకూడ వేయవలెను. ఇంటిపిల్ల యైనను, ఇంటిపిల్ల గనుకనే, వేయవలెను.

మొన్న పొరుగింటి అత్తగారు వచ్చి, ఊరినుండి తమ తమ్ముడు వచ్చియున్నాడు, ఒక ప్రతి కావలెననిరి. ఊరకనే ఇయ్యబోయితిమి. వారు 80 రూపాయలు బల్లమీద పెట్టి, చీటీ సరిగా అంటియున్నదో లేదో గోటితో ఒత్తి చూచుకొని తీసికొనిపోయిరి.