వంటశాలలో గోడ అలమార

ఇల్లు చూచి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. వందలమందికి వండివార్చే వంటశాల విషయంలో గోడను చూచి వంటను చూడమనవచ్చునని మా అభిప్రాయం. పొయ్యిమీది గంగాళాన్ని అందరూ చూస్తారు. పక్కగోడకు బిగించిన అలమారను గమనించేవారు అరుదు. కాని ఆ గంగాళంలోకి ఏది చేరవలెనో, ఏది చేరరాదో నిర్ణయమయ్యేది ఆ అలమార దగ్గరనే.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. పాలూ పెరుగూ పిల్లికి అందకుండా తెలుగువారి ఇళ్ళలో ఉట్టి కట్టారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో దానినే ఛీంకా అన్నారు. మందపాటి గోడలో వదిలిన గూటికి ఆ ఇళ్ళలో తాక్ అని పేరు. పోర్చుగీసువారి నుండి వచ్చిన ఒకే మాట ఉర్దూలో అల్మారీ అయింది, తెలుగులో అలమార అయింది. అన్నం పరబ్రహ్మ స్వరూపమని ఒకరు, రిజ్క్ దేవుడిచ్చిన జీవనాధారమని మరొకరు అన్నా, తినే పదార్థాన్ని నేలపాలు చేయరాదన్న మర్యాద ఇరువురిదీ ఒక్కటే.

మేము వసతిగృహ భోజనశాలలో వంతులవారీగా సరకుల లెక్క చూచే విద్యార్థులం. రెండేళ్ళ క్రితం వరకు మా వంటశాలలో గోడలు ఖాళీగానూ, నేల కిక్కిరిసీ ఉండేవి. కారం, పసుపు, ధనియాలపొడి డబ్బాలు బియ్యపు బస్తాల నడుమ నేలమీదనే ఉండేవి. వానాకాలంలో నేల చెమ్మగిల్లి ఎండుమిరపకాయలకు, వేరుసెనగ పప్పుకు బూజు పట్టేది. బూజులలో కొన్ని జాతులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తాయి. అది కాలేయానికి హాని చేస్తుంది. వండినంత మాత్రాన పూర్తిగా నశించదు. మేము చాచా అని పిలుచుకునే పెద్ద వంటాయన ఒక పూట వంటకు ఎన్నిసార్లు నేలకు వంగి లేస్తారో ఒకనాడు లెక్కించబోయి, అరవై దాటిన తరువాత మానుకున్నాము. “బేటా, పొయ్యి దగ్గర నాకు అలుపు లేదు. ఈ నేలతోనే నా నడుము పోయింది” అన్నారాయన.

ఆ రోజుల్లోనే ఒక ఉదయం నూనె డబ్బాల వరుసలో ఫినాయిలు సీసా కనిపించింది. ఎవరు పెట్టారని విచారించాము. తేలినదేమంటే, దానికంటూ ఒక చోటు లేదు. చోటు లేని వస్తువు ఎక్కడనైనా ఉంటుంది. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లాలో ఒక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు పరీక్షలలో తేలింది. పొయ్యి దగ్గర ఎంత శ్రద్ధ చూపినా, అక్కడికి వచ్చే డబ్బాలోనే విషం ఉంటే ఆ శ్రద్ధ ఏమి చేయగలదు?

మన దేశంలో 2006లో ఆహార భద్రతా ప్రమాణాల చట్టం వచ్చింది. దాని కింద 2011లో వెలువడిన నిబంధనలు తినే సరకులను నేలకు ఎత్తుగా ఉంచమనీ, శుభ్రపరచే మందులను, రసాయనాలను వేరుగా ఉంచమనీ చెబుతున్నాయి. గోడ అలమార ఈ రెండు పనులకూ అనువైన సాధనం.

అయితే నాలుగు రేకులు గోడకు తగిలించినంత మాత్రాన అలమార కాదు. తుప్పుపట్టని ఉక్కులో 304 రకమని పిలిచేదానిలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఆ క్రోమియం ప్రాణవాయువుతో కలిసి పలుచని పొరగా ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. తడిసిన ఉప్పు ఆ పొరను చెరుస్తుంది గనుక ఉప్పు జాడీలోనే ఉండవలె. అలమార లోతు పనిబల్ల వెడల్పు కంటె తక్కువగా ఉండవలె. లేకున్న వంగి కూరలు తరిగేవారి నుదుటికి అంచు తగులుతుంది. రోజూ వాడే సరకులు నిలబడిన మనిషి చేతికి అందవలె. పైభాగం ఏటవాలుగా ఉంటే దుమ్ము నిలువదు, పాత సామాను పైకి చేరదు. గోడకు ఆనించి సందు పూర్తిగా మూయవలె, లేదా చేయిపెట్టి తుడిచేంత ఎడమ ఉంచవలె. వేలెడు సందు విడిస్తే అది బొద్దింకల కాపురమవుతుంది. పొయ్యికి పైన ఎన్నడూ బిగించరాదు: ఆవిరికి పొడులు గడ్డకడతాయి, మంటమీదుగా చేయి చాచవలసి వస్తుంది. రెండు కిలోల డబ్బాలు ఇరవై పెడితేనే నలభై కిలోల బరువు. కొయ్య బిరడాలో దిగ్గొట్టిన మేకు దానిని మోయలేదు, గట్టి గోడలోనికి బోల్టు దిగవలె. బస్తాలవంటి బరువైన సరకులు కిందనే, చెక్కబల్లలమీద ఉండవలె.

ఈ నియమాలు పాటించి కళాశాల సంఘంవారు మాకు రెండు అలమారలు ఇప్పించారు. అవి రాగానే తాళాల ప్రశ్న వచ్చింది. మసాలా అలమారకు తాళం వేయవలెనని మాలో కొందరు వాదించారు. చాచా ఏమీ అనలేదు. ఆ పూట మాతో మాట్లాడలేదు, అంతే. ఏళ్ళ తరబడి మనకు అన్నం పెట్టిన చేతికి ఏలకులకోసం తాళం చూపడం ఎంత అవమానమో అప్పుడు మాకు అర్థమైంది. చివరకు మసాలాలకు తాళం లేకుండా, లెక్కపుస్తకం మాత్రం ఉంచాము. తాళం వేయవలసినది మనిషిమీద కాదు, మందుమీద.

ఆ మందులకోసం వంటశాల వెలుపలి గోడకు మూడవ అలమార ఇంకా కావలసి ఉన్నది. ఫినాయిలు, ఎలుకలమందు నేటికీ మెట్లకింద ఒక గోనెసంచిలో ఉన్నవి. గ్రంథాలయానికి పుస్తకాలు, ప్రయోగశాలకు పరికరాలు కావలసిన వేళ ఇది చిన్న కోరికగా తోచవచ్చును. కాని ఆ పుస్తకాలు చదివేవారందరూ రోజుకు రెండుపూటలా ఈ వంటశాలను నమ్మి పళ్ళెం ముందు కూర్చుంటున్నారు. సంఘంవారు ఆ నమ్మకానికి తగిన ఒక్క అలమారను, దానికొక తాళాన్ని దయచేయవలెనని మా విన్నపం. ఏ వస్తువును తీసినచోటనే తిరిగి పెట్టే బాధ్యతను విద్యార్థులమైన మేము వహిస్తాము.