విశాఖ, భీమిలి రేవుల నుంచి కృష్ణదేవిపేటకు లేఖలు

విశాఖపట్నం

డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, ఒకప్పుడు పోటునీరు నిలిచే చిత్తడినేలను తవ్వి నిర్మించిన విశాఖ నౌకాశ్రయంలోకి 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే తొలి ఓడ ప్రవేశించింది. అప్పటికి రెండేళ్ల ముందే రాయపూర్ నుంచి విజయనగరానికి రైలుమార్గం పూర్తయినందున మధ్య పరగణాల సరుకు నేరుగా ఈ రేవుకే చేరింది. ఆ మార్పు వల్ల నష్టపోయిన ఊరు ఉత్తరాన, చేరువలోనే ఉంది.

భీమునిపట్నం (భీమిలి)

అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట వెలసిన భీమునిపట్నంలో 17వ శతాబ్దిలోనే డచ్చివారు వర్తకస్థావరం ఏర్పరచుకొని వస్త్రాలు ఎగుమతి చేశారు. 1825లో ఊరు ఆంగ్లేయుల వశమైంది, 1861లో పురపాలక సంఘం ఏర్పడింది. ఇంత పేరున్న రేవుకు ఓడలు ఒడ్డుకు ఆనే కట్టడమే లేదన్నది గమనించదగిన విషయం. ఓడలు దూరాన లంగరు వేస్తే, మసూలా పడవలు, అనగా మేకులు లేకుండా పలకలను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టిన పడవలు, విరిగే అలల దెబ్బకు పగలక వంగుతూ సరుకును చేరవేసేవి. ఆ రేవు వైభవానికి అసలు ఆధారం ఈ పడవలను నడిపిన బెస్తవారి నేర్పే, కాని ఊరిలో చెక్కుడు సమాధులు మాత్రం డచ్చివారికే మిగిలాయి.

ఎగుమతుల్లో నూనెగింజలు, కరక్కాయలతోపాటు గోగునార ముఖ్యమైనది. గోంగూరగా వండుకొనే మొక్క కాడ నుంచి తీసే ఈ నార ప్రపంచ విపణిలో ‘బిమ్లీ జ్యూట్’ అనే పేరుతో అమ్ముడుపోయింది. గోస్తనీ ఒడ్డున చిట్టివలసలో జనపనార మిల్లు కూడా వెలసింది.

రేవుల చరిత్రను ఒడ్డున మాత్రమే వెదకడం చాలదు. మన్యం సరుకు పల్లానికి దిగాలంటే దారులు కావాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు వేసిన దారి పనిలో గిరిజనులకు న్యాయమైన కూలి దక్కలేదు. ఆ అన్యాయం, పోడు వ్యవసాయాన్ని అడ్డుకున్న అటవీ నిబంధనలు కలిసి రేపిన ఆగ్రహమే 1922 ఆగస్టు 23న అల్లూరి సీతారామరాజు దళాన్ని కృష్ణదేవిపేట పోలీసు స్టేషనుకు నడిపించింది. తీరపు వర్తకాన్ని లెక్కగట్టే గ్రంథాలలో కొండవారి ఈ శ్రమకు కూడా చోటు ఉండితీరాలి.

ప్రధాన రైలుమార్గం ఊరిని తాకకుండా విజయనగరం మీదుగా పోవడం, ఆపై విశాఖలో లోతైన నౌకాశ్రయం రావడం భీమిలి వర్తకాన్ని క్షీణింపజేశాయి. ప్రస్తుతం తీరాన చేపల వేట సాగుతున్నది. తరువాతి మజిలీ వంశధార ముఖాన ఉన్న మరొక పాత రేవు, కళింగపట్నం.