మూడో వరస

మా అబ్బా లారీ డ్రైవర్. మిర్యాలగూడ రైసు మిల్లుల లారీలు తోలేవాడు. ముప్పై ఏళ్లు స్టీరింగ్ పట్టుకున్న మనిషి, తన పేరు మీద ఒక సైకిల్ తప్ప ఇంకే బండీ లేకుండానే పోయాడు. ఆయన తోలిన లారీకి ముందు భాగాన షావుకారి ఇంటి దేవుడి పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. లోపల, స్టీరింగ్‌కి పైన రేకు మీద, అబ్బా సుద్దముక్కతో చిన్నగా 786 అని రాసుకునేవాడు. చెరిగిపోతే మళ్లీ రాసేవాడు. షావుకారు ఎన్నడూ చెరిపించలేదు. అబ్బా ఎన్నడూ దాన్ని బయటికి తేలేదు.

ఏడాదికోసారి జనవరిలో జాన్‌పహాడ్ ఉర్సుకి షావుకారు లారీ ఇచ్చేవాడు. డీజిలు మాత్రం మాదే. కందూరు మేక, డేగ్చీలు, కట్టెలు, వాటి మధ్య మేము. మా బస్తీ వాళ్లే కాదు, మిల్లు హమాలీలు, వాళ్ల పెళ్లాలు, పిల్లలు కూడా ఎక్కేవాళ్లు. వాళ్లలో సైదులు ఉండేవాడు, సైదమ్మ ఉండేది. మా వైపు హిందువుల ఇళ్లలో సగానికి ఆ పేర్లు ఆ దర్గా నుంచి వచ్చినవే. గడ్డి పరిచిన లారీలో అందరం ఒకే ఎత్తులో కూచునేవాళ్లం. ముందు వరస, వెనక వరస అని లేదు. ఇంటిల్లిపాదీ ఒకే బండ్లో పోవడం అంటే నా మనసులో ఇప్పటికీ ఆ లారీయే మెదులుతుంది.

పెద్ద బండి కొందామన్న మాట మా ఇంట్లో ముందు ఎత్తింది అమ్మీ మోకాళ్లు. బస్సు మెట్లు ఎక్కలేదు. ఆటోలో కూచుంటే దిగలేదు. మాతోనే ఉండే మా ఫూఫీకి డెబ్బై దాటాయి. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, పెళ్లికాని తమ్ముడు. లెక్క ఏడు. పెళ్లికో చావుకో పోవాలంటే సగం మంది బస్సు, సగం మంది ఆటో. ఎవరో ఒకరు ఎప్పుడూ జనాజా లేచాక చేరేవాళ్లం. చిన్న కారు కొంటే ముగ్గురిని ఇంట్లో వదిలిపెట్టాలి. ఆ ముగ్గురూ ఎవరో చెప్పనక్కర్లేదు. అమ్మీ, ఫూఫీ, వాళ్లని చూసుకోవడానికి నేను.

నేను గవర్నమెంటు స్కూల్లో టీచర్ని. స్టాఫ్ రూములో ఏడు సీట్ల బండి చూస్తున్నామన్నాను. ఒక సారు నవ్వి, "ఏడేనా మేడమ్? మీకు సరిపోతాయా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

ఆ సారుకి ఇద్దరు పిల్లలు. నాకూ ఇద్దరే. ఆయన తల్లిదండ్రులు ఊళ్లో ఉంటారు, మా పెద్దవాళ్లు మా ఇంట్లో ఉంటారు. తేడా అంతే. కానీ ఆ నవ్వు నన్ను చూసి వచ్చింది కాదు, నా పేరు చూసి వచ్చింది. 1992-93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019-21 నాటి అయిదో సర్వేకి అది 2.36. ఆ కాలంలోనే హిందువుల్లో 3.3 నుంచి 1.94కి తగ్గింది. రెండు లెక్కలూ కిందికే దిగాయి, మాది ఇంకా నిటారుగా దిగింది. దిగనిది ఆ జోకు ఒక్కటే. మా ఇంట్లో మూడో వరస కావాల్సింది పుట్టబోయే పిల్లలకి కాదు సారూ, ముసలివాళ్లకి. ఈ మాట ఆ రోజు అనలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

కొత్త బండి అయితే అప్పు తప్పదు. ఒక బ్యాంకుకి పోయాం. నా జీతం చీటీ చూసి ఆఫీసరు కుర్చీలో కూచోమన్నాడు. తర్వాత అడ్రసు చదివాడు. "ఆ బస్తీలోనా ఉంటారు?" అన్నాడు. ఫీల్డు రిపోర్టు రావాలన్నాడు. రిపోర్టు మూడు వారాలైనా రాలేదు. మా స్కూల్లోనే, నా స్కేలులోనే ఉన్న మరో టీచరుకి, ఊరికి అవతలి వైపు ఇల్లున్నావిడకి, అయిదో రోజున చేతికొచ్చింది. నాకు మాత్రం ఇద్దరు ఉద్యోగుల జామీను కావాలన్నారు. కాదనలేదు. అవుననీ అనలేదు. తిప్పారు.

నాకొక్కదానికే ఇట్లా అయిందేమో అనుకునేదాన్ని. 2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టులో ఈ సంగతి ఉంది. కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలని 'నెగెటివ్' ప్రాంతాలుగా గుర్తుపెట్టుకుని అక్కడి వాళ్లకి అప్పు అంత తేలిగ్గా ఇవ్వవని అందులో రాశారు. నేను పుట్టి పెరిగిన వీధికి ఆ పేరు కూడా ఉండొచ్చని నాకు అప్పటిదాకా తెలీదు. మునిసిపాలిటీ వాళ్లు నల్లా ఇవ్వడం మర్చిపోతారు గానీ, ఈ గుర్తు పెట్టడం మాత్రం ఎవరూ మర్చిపోరు.

బ్యాంకు తిప్పుతుంటే ఇంట్లో ఇంకో అడ్డం లేచింది. ఫూఫీ మంచం మీద నుంచే చెప్పేసింది. "సూద్ కీ గాడీ మే మై నై బైఠ్‌తీ." వడ్డీ డబ్బుతో కొన్న బండి ఎక్కను అంది. మా ఆయన నచ్చజెప్పబోయాడు. ఊళ్లో ఎంతమంది సాయిబులు ఇంటి లోన్లు తీసుకోలేదు, హజ్జుకి పోయొచ్చిన వాళ్లే తీసుకున్నారు అన్నాడు. నాకూ కోపం వచ్చింది. బయట బ్యాంకోడు ఇవ్వనంటాడు, ఇంట్లో ఫూఫీ తీసుకోవద్దంటుంది, ఈ రెంటి మధ్య మేం నడిచే పోవాలా అని అరిచాను.

అప్పుడు ఫూఫీ మసీదు మాట ఎత్తలేదు. అబ్బా మాట ఎత్తింది. "నా షాదీకి మీ అబ్బా షావుకారి దగ్గర అప్పు తెచ్చిండు బేటీ. నూటికి మూడు రూపాయల వడ్డీ. నా పిల్లలు బడికి పోయే దాకా ఆ వడ్డీ కడుతూనే ఉన్నడు. అసలు ఎన్నడూ తీరలే. లారీ మీద లారీ తోలి తోలి పోయిండు. నేను కూచున్న ప్రతి సీటు కింద ఆ వడ్డీ కనపడ్తది నాకు." ఆ మాట తర్వాత ఎవరం మాట్లాడలేదు. నేను మతం అనుకున్నది ఆమెకి అన్న ఆయుష్షు.

వడ్డీ లేకుండా బండి కొనే దారి లోకంలో లేదని కాదు. బ్యాంకే బండి కొని, లాభం ఇంత అని ముందే చెప్పి, మనకి వాయిదాల మీద అమ్మే పద్ధతి ఉంది. దాన్నే మురాబహా అంటారు. వాయిదా ఆలస్యమైతే ఆ ధర పెరగదు. మన దేశంలోనూ 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగు ఉండాలని సిఫారసు చేసింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ఆలోచన ముందుకు తీసుకుపోవడం లేదని చెప్పేసింది. ఫూఫీ లాంటి వాళ్లు బ్యాంకు గుమ్మం బయటే ఉండిపోయారు. వాళ్లని లోపలికి పిలవడానికి ఎవరికీ తొందర లేదు.

ఆఖరికి 2023లో పాత బండే కొందామని తేల్చుకున్నాం. నా గాజులు, తమ్ముడి చిట్టీ, మా ఆయన దాచుకున్నది, అన్నీ కలిపితే 7 లక్షలు. ఆ డబ్బుకి స్కార్పియో దొరుకుతుందన్నాడు తమ్ముడు. వాడికి మెకానిక్ షెడ్డు ఉంది. మా వాళ్లలో బండ్ల కిందికి దూరేవాళ్లు ఎంతమందో లెక్కలేదు. రెంచీ పట్టినవాడు, డెంటింగ్ కొట్టేవాడు, సీటు కవర్లు కుట్టేవాడు, పంక్చర్ వేసేవాడు, అద్దెకి తోలేవాడు. ఆర్‌సీ మీద పేరున్నవాడే తక్కువ.

తమ్ముడు ఆరు బండ్లు చూసి అయిదు వద్దన్నాడు. బానెట్ బోల్టుల మీద పెయింటు లేచిందంటే రెక్కలు విప్పి బిగించారని. డోరు రబ్బరు ఊడదీసి చూస్తే స్పాట్ వెల్డింగు చుక్కలు వరసగా లేకపోతే గుద్దిన బండి అని. తివాచీ ఎత్తితే బురద వాసన, సీటు కింద రేకుకి తుప్పు ఉంటే నీళ్లలో మునిగిందని. పొద్దున చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయాలి, వేడెక్కిన ఇంజను అబద్ధం చెబుతుందన్నాడు. ఆరోది 2016 మోడల్. అప్పు తీరినట్టు ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ, పేరు మార్పుకి 29, 30 ఫారాలు, అన్నీ చూసుకున్నాకే బయానా ఇచ్చాం.

సీట్ల దగ్గర తమ్ముడికీ నాకూ గొడవైంది. స్కార్పియోలో వెనక వరస రెండు రకాలు. ఎదురెదురుగా అడ్డం సీట్లు ఒకటి, ముందుకి చూసే సీటు ఒకటి. అడ్డం సీట్లయితే ఇంకో ఇద్దరు పడతారు ఆపా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చిన్నప్పుడు కమాండర్ జీపులో ఒక పెళ్లి నుంచి వస్తుంటే ఆడవాళ్లందరం వెనక అడ్డం బల్లల మీద ఉన్నాం. డ్రైవరు సడెన్ బ్రేకు వేస్తే ఫూఫీ తల ఇనుప కమ్మీకి కొట్టుకుంది. కనుబొమ మీద ఆ గాటు ఇప్పటికీ ఉంది. అడ్డంగా కూచున్న మనిషిని బండి గుద్దుకున్నప్పుడు పక్కకి విసిరేస్తుంది, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఆడవాళ్లనీ పిల్లలనీ ఎక్కించే చోటే అట్లా ఎందుకుండాలి? ముందుకి చూసే సీటే కావాలన్నాను. నడిమి వరసలో రెండు విడి సీట్లు, వాటి మధ్య దారి ఉన్న బండి దొరికింది. నడుమ వరసలో అమ్మీ, ఫూఫీ. వెనక నేనూ పిల్లలూ. ఆర్‌సీ నా పేరు మీద, కూచునేది మూడో వరసలో. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. డ్రైవింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను.

బండి వెనక అద్దం మీద పెద్ద అక్షరాలతో దేవుడి పేరు ఉంది. అమ్మినాయన పెట్టుకున్నది. మంచి మనిషి. జాన్‌పహాడ్ మొక్కుతో పుట్టాడని కొడుక్కి దర్గా పేరే పెట్టుకున్నాడట. పేరు మార్పు కాకముందే ఉర్సు వచ్చింది. ఆ అక్షరాలతోనే జాన్‌పహాడ్ పోయొచ్చాం. దారిలో ఒక చోట బండ్లు ఆపి చూస్తున్నారు. మాకు చెయ్యి ఊపి పొమ్మన్నారు. తమ్ముడు అద్దంలో నన్ను చూశాడు. ఇంటికొచ్చాక అన్నాడు: "ఆపా, అది ఉంచేద్దాం. మంచిదే గదా."

నేను వెంటనే వద్దనలేదు. రాత్రిళ్లు తిరిగే బండి. తలకి దుపట్టా చుట్టుకున్న ఆడవాళ్లు, గడ్డమున్న తమ్ముడు. వార్తల్లో ఏం చూస్తున్నామో నాకు తెలుసు. అమ్మీ విన్నది. "ఆ పేరు మీద నాకేం కోపం లేదు బేటా. మీ అబ్బా జిందగీ అంతా ఆ పేరు వెనకే లారీ తోలిండు. అది షావుకారి బండి. ఇది మనది. ఇష్టంతో ఉంచుతానంటే ఉంచు. డర్‌తో ఉంచుతానంటే పీకెయ్," అంది.

తమ్ముడు వేడినీళ్ల గుడ్డ పెట్టి ఒక్కో అక్షరం నానబెట్టి తీశాడు. అమ్మీ వాటిని చెత్తలో వేయనీయలేదు. చిరిగిన ఖురాన్ కాయితాలని ఎట్లా చేస్తామో అట్లాగే గుడ్డలో మూటగట్టించి సాగర్ ఎడమ కాలువలో పారే నీళ్లలో విడిపించింది. అద్దం మీద ఒక మూల చిన్నగా 786 అంటించింది.

రెండు నెలలకి ఒక పెళ్లి నుంచి వస్తుంటే ఆపారు. అందరినీ దింపారు. ఏడుగురి ఆధార్ కార్డులూ అడిగారు. వెనక డేగ్చీ మూత తీసి "ఇదేం మాంసం?" అన్నాడు ఒకాయన. మేక అన్నాం. వాసన చూశాడు. ఫూఫీ అమ్మీ భుజం పట్టుకుని రోడ్డు పక్కన నిలబడింది. అరగంట తర్వాత పొమ్మన్నారు. "మనల్నే ఎందుకు దింపారు?" అని నా కూతురు అడిగింది.

ఆ అంకెల వల్లే ఆపారని నేను రుజువు చేయలేను. ఆ రోజు అందరినీ ఆపుతున్నారేమో. బ్యాంకు ఫైలు కూడా నిజంగానే ఎక్కడో ఆగిపోయిందేమో. స్టాఫ్ రూము సారు ఊరికే నవ్వించడానికే అన్నాడేమో. మా బతుకులో కష్టం ఇదే. ఏదీ రుజువు చేయలేం, ఏదీ మర్చిపోలేం. అడిగితే మీకు అనుమానం ఎక్కువంటారు.

786 ఇంకా అద్దం మీదే ఉంది. అబ్బాది రేకు మీద సుద్దగీత, లోపల. మాది బయట. ఇప్పుడు దగ్గర ఊళ్లకి నేనే తోలుతున్నాను, మా ఆయన మూడో వరసలో మోకాళ్లు మడుచుకుని కూచుంటున్నాడు. దూరం పోయేటప్పుడు మాత్రం తమ్ముడు టైర్లు చూసి, ఆయిలు చూసి, వెనక అద్దం దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు. "ఉంచుదామా ఆపా?" అంటాడు. ఉంచుదాం అంటాను. అనేముందు నేనూ ఒక్క క్షణం ఆగుతున్నాను. ఆ సారు, ఆ ఆఫీసరు, మా స్కూల్లో బండ్లున్న మిగతావాళ్లు ఎవరూ అట్లా ఆగనక్కర్లేదు. నేనడిగేది ఆ ఒక్క క్షణం గురించే.