తిరస్కరణ ఉత్తరమే తుది తీర్పు కాదు

కుటుంబ పెద్ద మరణించాక, పాత జబ్బును దాచారన్న ఒక్క వాక్యంతో బీమా సంస్థ క్లెయిమును తోసిపుచ్చితే, ఆ ఉత్తరాన్నే అంతిమ తీర్పుగా ఎంచి ఎన్నో కుటుంబాలు మిన్నకుండిపోవడం బాధాకరం. పాలసీ జారీ లేదా పునరుద్ధరణ నాటి నుంచి 3 ఏళ్లు నిండాక జీవిత బీమా పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించరాదని 1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ముందుగా సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఫలితం లేకపోతే బీమా వివాదాలను ఉచితంగా విచారించే అధికారి అయిన అంబుడ్స్‌మన్‌ను ఏడాదిలోపు ఆశ్రయించవచ్చు; లేదా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, వివాదం తలెత్తిన 2 ఏళ్లలోపు, తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. కనుక తిరస్కరణ ఉత్తరాన్నీ, ప్రతిపాదన పత్రం నకలునూ, ఆసుపత్రి కాగితాలనూ భద్రపరచి, గడువు దాటకముందే కదలడం నామినీలకు అత్యవసరం.