చిట్టమూరు నుంచి మూడు దారులు

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు నాయుడుపేటలో రైలు దిగి సముద్రం వైపు దారి పడితే చాలు, చలిగాలిలో తడిమన్ను వాసన తగులుతుంది. రెండు వైపులా మోకాలెత్తు వరి. గట్ల మీద తాటిచెట్లు, కాలవల్లో కొంగలు. చిట్టమూరు వచ్చేసరికి బస్సులో సగంమంది మనకు చుట్టాలైపోతారు. ‘ఎవురింటికి నాయనా?’ అని అడక్కుండా దిగనివ్వరు.

ఇది మా పెద్దమ్మ ఊరు. చిన్నప్పుడు నా సెలవులన్నీ ఇక్కడే గడిచాయి. అప్పుడిది నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఈ మండలాన్ని తిరుపతి జిల్లాలో కలిపారు. పెద్దమ్మ మాత్రం ‘మాది నెల్లూరే’ అంటుంది. ఆమె యాస వింటే ఎవరూ కాదనలేరు లెండి.

ఈ మండలంలో చూడదగ్గవి లేకపోలేదు. మల్లాంలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి పాత రాతి గుడి ఉంది. తూర్పున పులికాట్ సరస్సు. చలికాలంలో అక్కడ రాజహంసలు (ఫ్లెమింగోలు) గులాబీ దుప్పటి పరిచినట్టు వాలుతాయి. పక్కన దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. శ్రీహరికోటలో రాకెట్ లేచిందంటే ఇక్కడి జనం మిద్దెలెక్కి చూస్తారు. వాకాడు దాటి సముద్రం దాకా పోతే దుగరాజపట్నం. 1626లో ఇంగ్లిషువాళ్లు అక్కడ వర్తకస్థావరం పెట్టారు. ఆర్మగాన్ అని పిలుచుకున్నారు. మద్రాసు కోట కంటే ముందు సంగతి ఇది. బట్టల బేళ్ల కోసం ఓడలేసుకుని వచ్చి, బేరం ఇంకోచోట బాగుందని పదిహేనేళ్లు తిరక్కుండానే దక్షిణానికి తరలిపోయారు.

వచ్చిపోయేవాళ్లు ఈ తీరానికి కొత్తకాదన్నమాట. అయితే ఈసారి నేను వచ్చింది పక్షుల్ని చూడ్డానికి కాదు, పెద్దమ్మ మనవరాలిని చూడ్డానికి. ఆ పిల్ల సంగతి చెప్పాలంటే ముందు మా అన్న సంగతి చెప్పాలి.

పెద్దమ్మకు మూడో కొడుకు వాడు. నాకంటే ఏడాది పెద్ద. గోళీలాడుతూ ఆడుతూ మధ్యలో గొంతుక్కూర్చునేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. కాసేపటికి ఆయాసం తగ్గి లేచేవాడు. పెదాలు నేరేడుపండు తిన్నట్టు ఉండేవి. నేరేళ్ల కాలం కాకపోయినా! దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు, మల్లాం స్వామికి మొక్కుకున్నారు. చివరికి మద్రాసు తీసుకుపోతే ‘గుండెలో లోపముంది, ఆపరేషన్ చెయ్యాలి’ అన్నారు. వాళ్లు చెప్పిన ఖర్చుకు ఉన్న రెండెకరాలూ చాలవు. ‘పంట రానీ, చూద్దాం’ అనుకుంటూ వెనక్కి వచ్చారు. 1986లో ఆ పంట రాకముందే వాడు పోయాడు. తొమ్మిదేళ్లు.

వాడు అలా ఎందుకు కూర్చునేవాడో నాకు పెద్దయ్యాక తెలిసింది. ఈ జబ్బుకు టెట్రాలజీ ఆఫ్ ఫాలో అని పేరు. గుండె కింది గదుల మధ్య గోడకు చిల్లు ఉంటుంది. ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుగ్గా ఉంటుంది. దాంతో చెడు రక్తం శుభ్రపడకుండానే ఒంట్లోకి పోతుంది. గొంతుక్కూర్చుంటే కాళ్ల రక్తనాళాలు నొక్కుకుని, ఆ ఒత్తిడికి మరికొంత రక్తం ఊపిరితిత్తుల వైపు మళ్లుతుంది. మేం నవ్విన ఆ భంగిమే వాడికి ఊపిరి పోసింది. ఎవరూ నేర్పకుండానే ఒళ్లు కనిపెట్టుకున్న వైద్యం!

పుట్టే ప్రతి వెయ్యిమంది పిల్లల్లో సుమారు ఎనిమిది నుంచి పదిమందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు, కొన్ని చిల్లులు వాటంతటవే పూడిపోతాయి. పాలు తాగుతూ తాగుతూ అలిసిపోవడం, నుదుట చెమట పట్టడం, బరువు పెరక్కపోవడం, మాటిమాటికీ నిమ్ము చెయ్యడం... ఇలాంటివి కనబడితే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు.

మరి ఈ ఆపరేషన్లు మన వైపు ఎలా వచ్చాయి? అందులోనూ ఒక వచ్చిపోయినాయన ఉన్నాడు. 1940ల చివర్లో రీవ్ బెట్స్ అనే అమెరికన్ సర్జన్ వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చి, ఛాతీ శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగం మొదలుపెట్టాడు. ఆపరేషన్లు తను చేసి ఊరుకోలేదు. మన డాక్టర్లను పక్కన నిలబెట్టుకుని నేర్పాడు. అలా నేర్చుకున్నవాళ్లలో ఎన్.గోపీనాథ్ ఒకరు. 1960ల మొదట్లో వెల్లూరులో గుండె తెరిచి చేసిన ఆపరేషన్లలో ఆయనది పెద్ద చెయ్యి. ఈ తీరం నుంచి గుండె జబ్బు పిల్లలకు మద్రాసు, వెల్లూరు దారి చాలాకాలం ఒక్కటే దిక్కు. కాకపోతే ఆ దారికి డబ్బు కావాలి. మా అన్న ఆగిపోయింది అక్కడే.

డబ్బు అడ్డం కొంత తొలగింది 2007లో, ఆరోగ్యశ్రీ వచ్చాక. ఆ తర్వాత రెండో దారి విజయవాడ. మధ్యాహ్నం మద్రాసులో బయల్దేరే పినాకిని నాయుడుపేటలో ఎక్కితే రాత్రికి అక్కడ దిగొచ్చు. ఇంగ్లండులోని లెస్టర్‌లో పిల్లల వైద్యుడిగా పనిచేసే డాక్టర్ సంజీవ్ నిచాని 2007లో ‘హీలింగ్ లిటిల్ హార్ట్స్’ అనే సేవాసంస్థను ప్రారంభించారు. అక్కడి సర్జన్లు, మత్తు డాక్టర్లు, నర్సులు సెలవులు పెట్టుకుని వచ్చి, వారంపాటు పిల్లలకు ఉచితంగా ఆపరేషన్లు చేసి వెళతారు. 2010ల రెండో సగంలో విజయవాడ ఆంధ్రా హాస్పిటల్స్‌కు ఇలాంటి బృందాలు పదేపదే వచ్చాయి. సినీనటుడు మహేశ్‌బాబు అండగా నిలవడంతో ఈ సంగతి పల్లెల దాకా పాకింది. లివర్‌పూల్‌లోని ఆల్డర్ హే పిల్లల ఆసుపత్రిలో సర్జన్‌గా పనిచేసే మన తెలుగువాడు డాక్టర్ దన్నపునేని రమణ అలా వచ్చినవాళ్లలో ఒకరు. 2023 సెప్టెంబరులో ఆయన బృందం హైదరాబాదు నిమ్స్‌లో, అక్కడి డాక్టర్లతోనూ నిలోఫర్ డాక్టర్లతోనూ కలిసి పసిపిల్లలకు ఆపరేషన్లు చేసింది.

నిజం చెప్పాలంటే, మొదట్లో నాకు ఈ వారం రోజుల సేవ మీద పెద్ద నమ్మకం లేదు. విమానం దిగి, ఫొటోలు దిగి, మళ్లీ విమానం ఎక్కితే యాభై రెండు వారాల్లో మిగతా యాభై ఒక్క వారాలూ పుట్టే పిల్లల మాటేమిటి? ఈ అనుమానం నా ఒక్కడిదే కాదు, ఆ పనిలో ఉన్నవాళ్లదీ. అందుకే ఇలాంటి బృందాల్లో సర్జన్ ఒక్కడే రాడు. గుండె ఆపి ఆపరేషన్ చేస్తున్నంతసేపు యంత్రం మీద రక్తాన్ని నడిపే నిపుణులు వస్తారు. ఐసీయూ డాక్టర్లు, నర్సులు వస్తారు. మూడు కిలోల బిడ్డకు ఆపరేషన్ బాగా జరగడం సగం పనే. ఆ రాత్రి రక్తపోటు ఒకింత జారడాన్ని గంట ముందే పసిగట్టడం, సెలైన్ చుక్కలు లెక్కపెట్టడం, ఊపిరి గొట్టం ఎప్పుడు తీయాలో తెలియడం మిగతా సగం. ఆ సగం పుస్తకంలో రాదు. రెండు రాత్రులు పక్కన నిలబడితే వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు అతిథి కోస్తాడు, ఇక్కడివాళ్లు అందిస్తారు. కొన్ని రాకల తర్వాత ఇక్కడివాళ్లు కోస్తారు, అతిథి అందిస్తాడు. ఆ మార్పు రాకపోతే వచ్చినవాళ్లు ఎంత గొప్ప సర్జన్లయినా లాభం లేదు.

ఇందులో మనం పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడమూ మొదలైంది. డాక్టర్ గుల్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2017 నుంచి పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో, మన్రోవియాలోని ప్రభుత్వాసుపత్రి కంటి విభాగంతో కలిసి పనిచేస్తూ అక్కడివారికి శిక్షణ ఇస్తోంది. ఆ ఊళ్లో ఎవరో పెద్దమ్మకు మన హైదరాబాదు డాక్టరే విదేశీ అతిథి!

ఇక మూడో దారి. నాయుడుపేట నుంచి శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి. 2021 అక్టోబరు 11న అక్కడ తితిదే ఆధ్వర్యంలో శ్రీపద్మావతి చిన్నపిల్లల హృదయాలయం తెరిచారు. పెద్దమ్మ మనవరాలు పుట్టింది ఆ తర్వాతే. సూది వేయించడానికి తీసుకుపోతే ఊళ్లోని నర్సమ్మకు పిల్ల ఎగపోత చూసి అనుమానం వచ్చింది. డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నదట. ‘అంతసేపు వింటుంటే నా గుండె ఆగిపోయింది నాయనా’ అంది పెద్దమ్మ. చిల్లు అన్నారు. పొలం అమ్మాలా అని కొడుకు అడక్కముందే కార్డు తీసుకుని తిరుపతి పొమ్మన్నారు. పొద్దున బయల్దేరినవాళ్లు మధ్యాహ్నానికల్లా పరీక్ష గది ముందున్నారు.

ఆపరేషన్ చేసినవాళ్లు ఏ దేశంవాళ్లు అని అడిగాను, ఊరికే. పెద్దమ్మ నన్ను వింతగా చూసింది.

“ఏ దేశమేంది? తెలుగోళ్లే. మనలాగే మాట్లాడతారు. ఒక నర్సుపిల్లది కోట.”

వాళ్లు ఎవరి పక్కన నిలబడి నేర్చుకున్నారో, ఆ నేర్పినాయన ఎవరి పక్కన నిలబడ్డాడో ఆమెకు అక్కర్లేదు. దేవుడి గూట్లో మాత్రం మనవరాలి ఆసుపత్రి చీటీ పక్కన తొమ్మిదేళ్ల పిల్లవాడి ఫొటో ఉంది. అంచులు పసుపెక్కిపోయాయి.

మర్నాడు ఆటో మాట్లాడుకుని అందరం పులికాట్ గట్టుకు వెళ్లాం. నీళ్లలో బారులు తీరి రాజహంసలు. వాటిని లేపాలని పిల్ల పరుగు తీసింది. ఎండలో గౌను మెడ దగ్గర ఆపరేషన్ మచ్చ సన్నటి దారంలా కనబడింది.

“పరిగెత్తబాకే, పడతావు!” అని తల్లి కేక వేసింది.

పెద్దమ్మ గట్టు మీద చతికిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. “ఎత్తనీలే” అంది.