కొత్త బండి, అదనపు వారంటీ

కొత్త కారు కొనడానికి వెళ్తే షోరూమ్‌లో ఒక కొటేషన్ కాగితం చేతికిస్తారు. పైన ఎక్స్‌షోరూమ్ ధర, దాని కింద లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, యాక్సెసరీలు వరుసగా ఉంటాయి. వాటి మధ్యే ‘ఎక్స్‌టెండెడ్ వారంటీ’ అని ఇంకో వరుస. పది లక్షల మొత్తం పక్కన ఆ పాతిక వేలు పెద్దగా కంటికి ఆనవు. “తీసుకోండి సార్, రేపు ఏ పార్టయినా పోతే లక్ష దాకా అవుతుంది” అంటాడు సేల్స్ కుర్రాడు. “పోనీలెండి, నిశ్చింతగా ఉంటుంది” అంటుంది పక్కనున్న ఇల్లాలు. పిల్లలు అప్పటికే డిస్‌ప్లే కారెక్కి కూర్చుంటారు. సంతకం అయిపోతుంది.

ఆ సంతకం తప్పో ఒప్పో ఒక్క మాటలో తేల్చలేం. కానీ ఆ నిర్ణయం ఆ కుర్చీలో, ఆ సంబరంలో జరగకూడదని మాత్రం గట్టిగా చెబుతాను. మధ్యతరగతి మనిషికి ఇంటి తర్వాత అంత పెద్ద ఖర్చు కారే. ఐదేళ్లో ఏడేళ్లో కిస్తీలు కట్టి తెచ్చుకునే వస్తువు గురించి కుదురుగా కూర్చుని ఆలోచించుకునే హక్కు ఆ కుటుంబానికి ఉంది.

ఈ వారంటీ ఎప్పుడు మొదలవుతుందో ముందుగా తెలుసుకోవాలి. కారుతోపాటే కంపెనీ ఇచ్చే వారంటీ ఒకటి ఎలాగూ ఉంటుంది. ఇప్పుడు మన మార్కెట్లో చాలా కార్లకు అది 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందు వస్తే అది. మారుతీ సుజుకీ అంతకుముందు 2 ఏళ్లు, 40 వేల కిలోమీటర్లే ఇచ్చేది. 2024 జూలైలో దాన్ని 3 ఏళ్లు, లక్ష కిలోమీటర్లకు పెంచింది. మనం డబ్బు పెట్టి కొనే వారంటీ ఈ గడువు తీరాకే మొదలవుతుంది. ఇవాళ కట్టే సొమ్ము నాలుగో ఏటో, ఐదో ఏటో వచ్చే రిపేర్ల కోసమన్నమాట. మూడేళ్ల తర్వాత అక్కరకొచ్చేదానికి ఈ సాయంత్రమే సంతకం పెట్టాల్సినంత తొందరేమీ లేదు. కంపెనీ వారంటీ నడుస్తున్నంతకాలం దీన్ని తర్వాతైనా కొనుక్కునే వీలు సాధారణంగా ఉంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ ధర కొంత పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో అడిగి, రాసుకుని ఇంటికి వచ్చేయవచ్చు. బండిని ఒక ఏడాది నడిపి దాని తీరు చూసుకోవడానికి ఆ తేడా కట్టాల్సి వచ్చినా అది దండగ ఖర్చని నేననుకోను.

వారంటీ ఉంటే బండికి ఏం జరిగినా కంపెనీయే చూసుకుంటుందని చాలామంది నమ్మకం. ఇంజన్ లోపలి భాగాలు, గేర్‌బాక్స్, ఫ్యూయల్ పంపు, సెల్ఫ్ మోటారు, డైనమో, ఏసీ కంప్రెసర్, ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు (ఈసీయూ) లాంటివి వాటంతట అవే చెడిపోతే బాగుచేసో మార్చో ఇస్తారు. వాడకంలో అరిగేవి ఇందులోకి రావు. బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, వైపర్ బ్లేడ్లు, ఫిల్టర్లు, ఆయిళ్లు, బల్బులు మన ఖర్చే. టైర్లకూ బ్యాటరీకీ వాటిని తయారుచేసిన కంపెనీల వారంటీ వేరుగా ఉంటుంది. బాగా చూసుకునే మామూలు పెట్రోలు బండికి ఐదేళ్లలో అయ్యే ఖర్చంతా రాసి చూడండి. ఎక్కువ భాగం ఈ రెండో జాబితాలోనే కనిపిస్తుంది.

వరద సంగతి ఇంకా ముఖ్యం. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్ కాలనీల్లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీళ్లలో నానాయి. మునిగిన బండిని తొందరపడి స్టార్ట్ చేస్తే, సిలిండర్లలో చేరిన నీరు పిస్టన్‌ను కదలనివ్వదు. కనెక్టింగ్ రాడ్లు వంగిపోయి, ఒక్కోసారి ఇంజనే మార్చాల్సి వస్తుంది. ఇంత పెద్ద ఖర్చుకు ఏ వారంటీ పూచీ పడదు. మామూలు కాంప్రహెన్సివ్ ఇన్సూరెన్సు కూడా సాధారణంగా దీన్ని భరించదు. పాలసీతోపాటు ‘ఇంజన్ ప్రొటెక్ట్’ అనే అదనపు కవరు తీసుకున్నవాళ్లకే ఆ సొమ్ము వస్తుంది. ఎలుకలు వైర్లు కొరికినా వారంటీ కాగితం పనికిరాదు. సెల్లార్లోనో పల్లపు వీధిలోనో బండి పెట్టుకునేవాళ్లు, రెండింటిలో ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే, ముందు ఇన్సూరెన్సులోని ఆ కవరు తీసుకోవాలన్నది నా అభిప్రాయం.

ఇక డబ్బు లెక్క. వారంటీ అమ్మేవాళ్లు వేలమంది దగ్గర వసూలు చేసినదాంట్లోంచే కొందరి రిపేర్లకు ఖర్చు పెడతారు. డీలరు కమీషనూ కంపెనీ లాభమూ అందులోంచే రావాలి. మనం కట్టేదాంట్లో 18 శాతం జీఎస్టీ కూడా ఉంటుంది. చీటీపాటలోనైతే కమీషను పోగా ప్రతివాళ్లకూ ఒకసారి పాట డబ్బు చేతికొస్తుంది. ఇక్కడ బండి చెడిపోయినవాళ్లకే వస్తుంది. కొన్నవాళ్లందరినీ కలిపి చూస్తే, కట్టినదానికంటే వెనక్కి వచ్చేది తక్కువే. ఇందులో మోసమేమీ లేదు, బీమా అన్నది నిలబడేదే అలా. అందుకే ‘లాభమా?’ అని అడిగితే చాలామంది విషయంలో లాభం లేదనే చెప్పాలి. ఇంట్లో వేసుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది. లక్ష రూపాయల రిపేరు హఠాత్తుగా మీద పడితే ఈ కుటుంబం తట్టుకోగలదా?

నాలుగైదు నెలల ఖర్చులకు సరిపడా సొమ్ము బ్యాంకులో పక్కన పెట్టుకున్నవాళ్లు తట్టుకుంటారు. వాళ్లు ఆ పాతిక వేలను బండి పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసుకుంటే, రిపేరు వస్తే కొంత ఆదుకుంటుంది, రాకపోతే వడ్డీతో సహా మిగులుతుంది. జీతంలో సగం కిస్తీలకే పోయే ఇల్లు అలా ఉండదు. పిల్లల ఫీజులు కట్టాల్సిన జూన్ నెలలో గేర్‌బాక్స్ పోయిందంటే క్రెడిట్ కార్డు గీకాలి, లేదంటే బంగారం తాకట్టు పెట్టాలి. అలాంటి ఇంటివాళ్లు వారంటీ కొంటే, ఐదేళ్లలో ఒక్కసారీ వాడుకునే అవసరం రాకపోయినా, ఆ డబ్బు వృథా అయిందని నేననను. నెలనెలా వచ్చే జీతంతో సర్దుకునేవాళ్లకు ఊహించని ఖర్చు లేకపోవడమే పెద్ద ఊరట.

ఎంత తిరుగుతారన్నది కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ వారం వారం విజయవాడ వెళ్లొచ్చే మనిషికి రానూపోనూ దాదాపు 550 కిలోమీటర్లు. ఊళ్లో తిరుగుడు కలిపితే ఏడాదికి 30 వేలు దాటుతుంది. మూడేళ్లు తిరిగేసరికి లక్ష కిలోమీటర్లు అయిపోవస్తాయి. ఆయన ‘5 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు’ అని రాసి ఉన్న ప్లాను కొంటే, ఆ అదనపు వారంటీ మొదలయ్యే వేళకే ముగిసిపోతుంది. ఆయనకు కావలసింది కిలోమీటర్ల హద్దు పెంచే ప్లాను. రిటైరై, గుడికీ బజారుకీ ఏడాదికి 5 వేల కిలోమీటర్లు తిప్పే పెద్దాయన బండి ఐదేళ్లకు తిరిగేది 25 వేలే. అంత తక్కువ తిరిగిన ఇంజన్‌కు పెద్ద రిపేరు రావడం అరుదు. ఆయన బండికి వచ్చే ఖర్చులు ఎక్కువగా బ్యాటరీ, టైర్లు, రబ్బరు సామాను లాంటివి. అవి ఎలాగూ వారంటీకి బయటే.

బండి రకాన్ని బట్టి కూడా జవాబు మారుతుంది. టర్బో లేని చిన్న పెట్రోలు ఇంజను, చేత్తో మార్చే గేర్లు ఉన్న కారు ఏళ్ల తరబడి పెద్ద పేచీ లేకుండా నడుస్తుంది. టర్బో, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, పెద్ద టచ్ స్క్రీను, కెమెరాలు, రాడార్లు ఉన్న కారులో ఒక్క యూనిట్ పోయినా బిల్లు వేలల్లో ఆగదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ వచ్చి చేరింది. ఎప్పుడూ నగరంలో చిన్న చిన్న దూరాలే తిరిగే డీజిల్ బండిలో ఆ మసి కాలిపోయేంత వేడి పుట్టదు, ఫిల్టర్ మూసుకుపోతుంది. ఇలాంటిది వారంటీలోకి వస్తుందో రాదో ముందే అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. ఎలక్ట్రిక్ కార్లకైతే చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్ల వారంటీ ముందే ఇస్తున్నాయి. బ్యాటరీ భయం చూపించి అదనపు వారంటీ అమ్మబోతే, ఆ మాట గుర్తు చేయాలి.

మనకున్న ఒక అండ గురించి కూడా చెప్పాలి. విజయవాడ ఆటోనగర్‌ లాంటి చోట్ల చెడినదాన్ని విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించే చేతులున్నాయి. “డైనమో మొత్తం మార్చాలంటారు బాబూ, లోపల పోయింది కార్బన్ బ్రష్షులే” అని చెప్పే మెకానిక్‌లు అక్కడ దొరుకుతారు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సాధారణంగా పార్టు మొత్తాన్నే మారుస్తారు. వారంటీ వల్ల ఇంత ఆదా అని షోరూమ్‌లో చూపించే లెక్క ఆ కొత్త పార్టు ధరమీద వేసిందే. బయట బాగుచేయించుకునే దారి ఉన్నవాళ్లకు ఆ ఆదా అంత ఉండదు. అయితే ఈ చేతులకూ హద్దులొచ్చాయి. కొత్త బండ్లలో లోపం ఎక్కడుందో చెప్పేది కంప్యూటరు. ఆ సాఫ్ట్‌వేరూ అసలు విడిభాగాలూ బయటి మెకానిక్‌కు సులువుగా దొరకవు. ఈ ఫిర్యాదుమీదే 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు రూ.2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టకూడదనీ, ఆ రిపేరు వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చనీ ఆ ఆదేశంలో ఉంది. తర్వాత దానిమీద అప్పీళ్లు నడిచాయి. అయినా ప్రతి కారు యజమానీ తెలుసుకోదగిన సూత్రం అది.

ఆచరణలో మాత్రం వారంటీ కొన్నవాళ్లు ఆ గడువంతా అధీకృత సర్వీస్ సెంటర్‌కు వెళ్లడమే క్షేమం. ఒక్క సర్వీసు తేదీ దాటినా, ఒక్క బిల్లు పోయినా క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పెడతారు. బయట షాపులో హారనో లైట్లో బిగించడానికి అసలు వైరు కోస్తే, ఆ తర్వాత కరెంటు సంబంధమైన ఏ లోపానికైనా ఆ కోతనే చూపిస్తారు. అందుకని ఈ ఖర్చును పాతిక వేలుగానే లెక్కేయకూడదు. ఐదేళ్లపాటు వాళ్ల దగ్గరే, వాళ్ల రేట్లకే సర్వీసు చేయించుకోవాలన్న ఒప్పందం కూడా అందులో కలిసి ఉంది. ఎలాగూ అక్కడికే వెళ్లే అలవాటున్నవాళ్లకు అది బరువనిపించదు. బండి అమ్మేటప్పుడు మిగిలిన వారంటీని కొన్నవాళ్ల పేరుకు మార్చే వీలుంటే ధర కూడా కాస్త బాగా పలుకుతుంది.

కాగితం మీద ఎవరి పేరుందో చూడటం మరిచిపోకూడదు. కార్ల కంపెనీ సొంతంగా ఇచ్చేది వేరు, డీలరో మరో సంస్థో ఇచ్చేది వేరు. ఆ సంస్థ మూతపడితే కాగితమే మిగులుతుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ వారంటీ పేరు చెప్పి మోగే ఫోన్ల బెడద బాగా తెలుసు. 2021లో మూడు నెలల వ్యవధిలో 500 కోట్లకు పైగా ఇలాంటి రోబో కాల్స్ చేసిన ముఠాకు అక్కడి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 2023లో దాదాపు 30 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. బండి గురించి మనిషికుండే భయం ఎంత పెద్ద సరుకో ఆ అంకెలే చెబుతాయి. ఎవరో ఫోన్ చేసి గడువు ముగుస్తోందని తొందరపెడితే డబ్బు పంపవద్దు. మీ సర్వీస్ సెంటర్‌కు మీరే వెళ్లి కనుక్కోండి.

కొన్న తర్వాత న్యాయమైన క్లెయిమ్‌ను తోసిపుచ్చితే ఊరుకోనక్కర్లేదు. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు.

కంపెనీలకు నా విన్నపం ఒక్కటే. తెలుగు నేలమీద ఇన్ని కార్లు అమ్ముతున్నారు, ప్రకటనలు తెలుగులో వేస్తున్నారు. వారంటీ దేనికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో చెప్పే ఆ నాలుగు పేజీలు కూడా తెలుగులో అచ్చువేసి, డబ్బు తీసుకోకముందే చేతికివ్వండి. కొనేవాళ్లకు నేను చెప్పేది కూడా సూటిగానే చెబుతాను. ఖరీదైన యంత్రాంగమున్న బండి, ఎక్కువ తిరుగుడు, చేతిలో నిల్వ లేని ఇల్లు, ఈ మూడింటిలో రెండున్నా, కిలోమీటర్ల హద్దు సరిచూసుకుని, కార్ల కంపెనీ ఇచ్చే వారంటీ కొనండి. సాదా బండి, తక్కువ తిరుగుడు, బ్యాంకులో కాస్త నిల్వ ఉంటే ఆ డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి. ఏదేమైనా, షరతుల పుస్తకం ఇంటికి తెచ్చి చదివాకే సంతకం పెట్టండి.